కట్టించిన బండి, కొన్న బండి

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘమువారు మమ్ములను కోరిరి. మన పూర్వులు ఏ కాలమున ఏ సీమనుండి తరలివచ్చిరో, మన ఆచారములలో ఏవి నిలిచినవో, ఏవి జారిపోయినవో ఈ పుటలలో పెద్దలు వ్రాయుచుందురు. అట్టివి వ్రాయు శక్తి మాకు లేదు. మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకు, అదియును తమిళములో, చదువుకొన్నవారము. తెలుగక్షరములు మా నాయనగారు ఇంటివద్ద పెద్దబాలశిక్ష ముందుంచి దిద్దించినవి. 1981 మొదలు 2019 వరకు ముప్పదియెనిమిది సంవత్సరములు కరూరులో బస్సులకు బాడీ కట్టు ఒక షెడ్డులో గుమాస్తాగా కూర్చుంటిమి గనుక మాకు తెలిసినది బండ్ల సంగతి. దానినే వ్రాయుచున్నాము. అందులో మన అక్షరముల సంగతి కొంత కలిసివచ్చినది; అది మేము కోరి తెచ్చినది కాదు.

ఈ మధ్య ఒక సాయంకాలము మా తమ్ముని కుమారుడు మా ఇంటికి వచ్చెను. దుప్పట్లు, తువాళ్ళు విదేశములకు పంపు వ్యాపారములో వానికి నాలుగు రాళ్ళు మిగిలినవి. తల్లిని, మమ్ములను, పిల్లలను ఒకే బండిలో ఎక్కించుకొని తిరుపతి, అహోబిలము, శ్రీశైలము చూపవలెననియు, దారిలో హోటళ్ళ బెడద లేక బండిలోనే వండుకొని బండిలోనే పడుకొనవలెననియు వాని కోరిక. తల్లికి మోకాళ్ళ నొప్పులు. క్రొత్తచోట మరుగుదొడ్డి అనిన ఆమెకు పెద్ద భయము. అందుచేత పదేండ్లుగా ఊరు కదలలేదు.

"పెదనాయనా, మోటారు ఇల్లు ఒకటి తీసుకోవాలని ఉంది. చాసిస్ కొని మన ఊళ్ళోనే మనకు కావలసినట్టు కట్టించేదా? లేక కంపెనీవాళ్ళు అన్నీ అమర్చి అమ్మేది కొనేసేదా? మీరే చెప్పాల" అని అడిగెను.

వెంటనే బదులు చెప్పలేకపోతిమి. అన్నము పెట్టిన షెడ్డువైపు మనస్సు మొగ్గుట సహజము. కాని 2023లో అమెరికాలో పదునొకండు దినములు కంపెనీ బండిలో కాపురముండి వచ్చినవారము గూడ మేమే. వారము గడువు అడిగితిమి.

గుమాస్తా కంటికి ఈ రెంటి భేదము మొదట కాగితములలో కనబడును. బండిని సాంతముగా తయారుచేసి అమ్ము కంపెనీ, ఇది రోడ్డుపై నడచుటకు తగినదని ఫారం 22 అను పత్రము ఇచ్చును. దానిపై ఒకే సంతకము. చాసిస్ మాత్రము అమ్మినచో ఇచ్చునది ఫారం 22-ఎ. దానికి రెండు భాగములు. మొదటి భాగమున చాసిస్ చేసినవాడు, రెండవ భాగమున బాడీ కట్టినవాడు సంతకము చేయుదురు. ఆ రెండవ భాగములు ఎన్ని మా చేతిమీదుగా పోయినవో లెక్కలేదు. వానిని నింపుటలో మాకు గల నేర్పు ఇంకెవరికి లేదని షెడ్డు యజమాని చెప్పుచుండెడివాడు. మేమును నమ్మితిమి.

కరూరు అనగానే దుప్పట్లు, దోమతెరలు, బస్సు బాడీలు జ్ఞప్తికి వచ్చును. తమిళదేశమున తిరుగు ప్రైవేటు బస్సులలో ఎన్నియో అమరావతీ నది ఒడ్డున ఉన్న మా ఊరిలో ఒడలు దాల్చినవే. చాసిస్ వచ్చుట చూడదగిన దృశ్యము. ఇంజను, స్టీరింగు, చక్రములు, రెండు పొడవైన ఇనుప దూలములు, అంతే. తలుపు లేదు, అద్దము లేదు, కప్పు లేదు. ఒక కొయ్యపలకపై గోనె పరచుకొని, తలకు తుండు చుట్టుకొని, కండ్లకు అద్దములు పెట్టుకొని డ్రైవరు దానిని వందల మైళ్ళు ఎండలో, దుమ్ములో తోలుకొని వచ్చును. స్నానము చేసిన పిమ్మట గాని అతని ముఖమెట్టిదో తెలియదు. ఆ అస్థిపంజరమునకు మా షెడ్డువారు మొదట అడ్డకమ్మీలు బిగించి, వానిపై నేల పరచి, నేలనుండి పిల్లర్లు లేపి, పిల్లర్లపై కప్పు నిలుపుదురు. మేము చేరిన క్రొత్తలో కొయ్యపని హెచ్చు. తరువాత ఇనుప చదరపు గొట్టములు వచ్చినవి. అల్యూమినియము రేకునకు రివెట్లు కొట్టుచున్నంతసేపు మేము అంకెలను గట్టిగా పైకి చదువుకొనుచు కూడవలసి వచ్చెడిది.

ఆ షెడ్డులో అందరును పెద్దాసారి అని పిలుచు వృద్ధ వడ్రంగి ఒకరు ఉండిరి. మావలెనే ఆయనకును ఇంట తెలుగు, వీధిలో తమిళము. వీరబ్రహ్మేంద్రస్వామివారి కాలజ్ఞానము ఒకరిచేత చదివించుకొనక తానే చదువుకొనవలెనను కోరికతో పడుచుతనమున మామగారివద్ద తెలుగక్షరములు నేర్చిరి. తమిళము మాటలాడుటయే గాని వ్రాయుట రాదు. చొక్కా జేబులో ఎల్లప్పుడు అరచేయి అంత నోటుపుస్తకము, చెవిసందున పెన్సిలు ముక్క. కొలతలు అంగుళములలో, నూళ్ళలో. అంగుళమునకు ఎనిమిది నూళ్ళు. పని ముగియగానే ఒక మూల కూర్చుండి పెన్సిలుకొన నాలుకకు తాకించుకొని ఏదో వ్రాసికొనుచుండిరి. ఏమి వ్రాయుచున్నారని మేము ఎన్నడును అడుగలేదు.

2004లో, బోరుబావులు త్రవ్వు లారీలు నడుపు ఒక ధనికుడు, పొరుగూరివాడు, క్రొత్త బస్సు చాసిస్ తెచ్చి అందులో ఇల్లు కట్టుమనెను. అంతవరకు మా షెడ్డులో మోటారు ఇల్లు కట్టియుండలేదు. సినిమావారి క్యారవానుల సంగతి వినియుంటిమి. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును తమ అవసరమునకు తగినట్లు మార్పించి, చైతన్యరథమని పేరిడి, కుమారుడు హరికృష్ణగారు తోలుచుండగా ఆంధ్రదేశమంతయు తిరుగుట పత్రికలలో చదివియుంటిమి. అంతకు మించి మాకు నమూనా లేదు.

పెద్దాసారి మొదట కొలబద్ద తీయలేదు. బండిలో ఎవరెవరు పడుకొందురు, వారిలో రాత్రివేళ లేచువారెవరు, ఎవరికి ఏ చేయి వాటము, ఎవరు పొడవు, ఎవరు పొట్టి అని అడిగిరి. యజమాని తల్లిని షెడ్డులో ఒక బల్లపై కూర్చుండబెట్టి, ఆమె మోకాలు సుఖముగా వంగు ఎత్తును కొలిచి, మంచము ఎత్తు నిర్ణయించిరి. మంచమునుండి మరుగుదొడ్డికి ఆమె వేయు అడుగులు లెక్కించి, ప్రతి రెండడుగులకు చేతికందునట్లు ఒక పిడి వేయించిరి. ఇట్టి మంచము ఏ అంగడిలో దొరకును?

ఆ ముసలమ్మ దేవుని గూడు తూర్పుమొగముగా ఉండవలెనని పట్టుపట్టెను. "అమ్మా, బండి తిరిగేకొద్దీ తూరుపు తిరుగుతుంది. ఈ పొద్దు తూరుపు చూసే సామి రేపు పడమర చూస్తాడు" అని పెద్దాసారి అనిరి. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే ముందుకు చూసేటట్టు పెట్టు నాయనా, దారి ఆయనే చూసుకుంటాడు" అనెను. డ్రైవరు వెనుకనే గూడు అమర్చిరి.

యజమాని కోరికలు వేరు. వంటగట్టునకు నల్లరాయి పలక, అలమరలకు టేకు, గోడకొక అద్దము. బరువు సంగతి అతనికి పట్టలేదు. నీళ్ళ తొట్టి నాలుగు వందల లీటర్లదిగా ఎడమప్రక్కన పెట్టుమనెను. లీటరు నీరు కిలో తూగును గదా. తొట్టి నిండినచో ఆరేడుగురు మనుష్యులు ఒకే ప్రక్క నిలుచున్నట్లగును, వాడుకొన్నకొద్ది బండి తూకము మారుచుండును. పెద్దాసారి దానిని వెనుక ఇరుసునకు ముందు, నడిమికి అడ్డముగా మార్చిరి. నల్లరాయి మాత్రము ఆపలేకపోయిరి. తూనికకు తీసికొనిపోయినప్పుడు, అంకె చూచి, రాతిపలక బరువును కుటుంబమువారు వెంట తెచ్చుకొను సామానులో తగ్గించుకొనవలసినదని మేము యజమానికి చెప్పితిమి. అతడు నవ్వెను.

ఇంతవరకు చదివినవారు కట్టించిన బండియే మేలని మేము తేల్చినట్లు తలంతురేమో. ఇక రెండవ బండి సంగతి.

2023లో మా కుమార్తె, అల్లుడు ఉండు ఫీనిక్సు నగరమునకు మేము దంపతులము పోయితిమి. పిల్లలకు సెలవులు. గ్రాండ్ కాన్యన్ మొదలగునవి చూపుటకు అల్లుడు ఇరువదియెనిమిది అడుగుల మోటారు ఇల్లు ఒకటి అద్దెకు తెచ్చెను. మోటారు ఇండ్లను అక్కడ ఏ, బీ, సీ అని తరగతులుగా విభజింతురు. బస్సువలె పెద్దది ఏ. వ్యానులోనే ఇమిడ్చినది బీ. వ్యాను ముందుభాగమును ఉంచి వెనుక ఇల్లు కట్టి, డ్రైవరు తలపైకి ఒక మంచము పొడుచుకొని వచ్చునది సీ. మాది సీ. చాసిస్ ఫోర్డు కంపెనీది, ఇల్లు వేరొక కంపెనీది. ఇక్కడ మాకు ఆశ్చర్యము కలిగెను: కంపెనీ బండి అనిన ఒకే తండ్రి ఉండునని మేము అనుకొంటిమి, అక్కడను ఇద్దరే. అయినను అట్టి ఇల్లే వందలకొలది బండ్లపై అదే కొలతలతో కూర్చుండియుండును. భేదమంతయు అందులోనే ఉన్నది.

సుఖము సంగతి చెప్పవలెనన్నచో, మా ఎత్తును, మా మోకాళ్ళను ఎరిగి చేసినది అందులో ఒక్కటియు లేదు. తలపై మంచమునకు నిచ్చెన ఎక్కవలెను; అది పిల్లల పాలాయెను. భోజనపు బల్లను దించి, దానిపై మెత్తలు పరచి, రాత్రికి మంచముగా మార్చుకొంటిమి. ఉదయము దానిని తిరిగి బల్లగా చేసినగాని కాఫీకి చోటు లేదు. పొయ్యికిని మరుగుదొడ్డికిని మధ్య మూడడుగులు; మా ఇల్లాలు మొదటి రెండు దినములు రొట్టెలు, పండ్లతో సరిపెట్టుకొనెను. మూడవనాడు ఆకలి మడిని జయించి, చారు పెట్టి ఎండుమిరపకాయల తాలింపు వేయగానే కప్పునందున్న పొగగంట చెవులు పగులునట్లు మ్రోగెను. చుట్టుప్రక్కల బండ్లవారు తలుపులు తెరచి చూచిరి. తరువాత తాలింపు వేయునప్పుడెల్ల మనుమడు ఆ గంట క్రింద విసనకఱ్ఱతో నిలుచుట నియమమాయెను.

కాని ఆ గంట మ్రోగినదనుట గూడ వ్రాయవలెను. పొగకొకటి, గ్యాసునకొకటి వేరువేరు గంటలు. ఎక్కు ద్వారము దగ్గర ఒక కాగితము అంటించియుండెను: మనుష్యులు, సామాను కలిసి ఇన్ని పౌనులు మించరాదని. మేము తూనికవద్ద నోటితో చెప్పి నవ్వించుకొన్న మాటను వారు అచ్చువేసి అంటించిరి. మంచినీటికొక తొట్టి, చేతులు కడిగిన నీటికొకటి, మరుగుదొడ్డి నీటికొకటి. ఏది ఎంత నిండినదో గోడపై చిన్న దీపములు చూపుచుండెను. ఆ నీటిని నిర్ణయించిన చోటనే గొట్టము తగిలించి విడువవలెను. అల్లుడు చేతులకు తొడుగులు వేసికొని ఆ పని చేయుచుండగా, ఇంజనీరు చదువు దీనికా అని మా ఇల్లాలు తెలుగులో గొణిగెను.

ఆరవనాడు అలమర గొళ్ళెము విరిగెను. దారి మలుపులలో తలుపు తెరచుకొని గిన్నెలు దొర్లుచుండెను. అల్లుడు బండితో వచ్చిన పుస్తకము తెరచి, అలమర బొమ్మగల పుటలో గొళ్ళెము పక్కనున్న సంఖ్యను ఫోనులో చదివెను. ముందటి ఊరి అంగడిలో అదే సంఖ్యగల గొళ్ళెము సిద్ధముగా ఉండెను. నాలుగు నిముషములలో బిగించిరి.

ఆ రాత్రి చలిమంట వద్ద అల్లుడు ఈ బండ్ల చరిత్ర తాను చదివినంతవరకు మాకు చెప్పెను. మొదట ఇవి ధనికులు ఒక్కటొక్కటిగా చేయించుకొన్నవే. 1910లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్-యారో కంపెనీవారు ఒక విలాసపు బండిని చూపిరట. వెనుక ఆసనము మంచమగును, డ్రైవరు వెనుకనుండి చేతులు కడుగు తొట్టి మడత విప్పుకొని దిగును, డ్రైవరుతో మాటలాడుటకు టెలిఫోను గూడ కలదు. 1958లో మిచిగన్ రాష్ట్రమున రే ఫ్రాంక్ అను నాతడు తన కుటుంబమునకై ఒక బండి కట్టుకొని దానిని మోటార్ హోమ్ అనెను. చూచినవారెల్ల అడుగగా అదే వ్యాపారమాయెను. 1966లో అయోవా రాష్ట్రమునందలి విన్నెబేగో కంపెనీవారు వానిని కార్లవలె వరుసలో నిలిపి చేయుట మొదలిడి, సామాన్య గృహస్థునకు అందు ధరకు తెచ్చిరి. జి.ఎం.సి. వారు 1973 నుండి 1978 వరకు సుమారు 13,000 బండ్లు చేసి, ఆ పని మానుకొనిరి. అయినను వానిలో చాల బండ్లను అభిమానులు నేటికిని నడుపుచున్నారట. కంపెనీ విడిచిపెట్టిన బండి ఇంతకాలము ఎట్లు నడచునని అడిగితిమి. "మరమ్మతు పుస్తకాలు ఉన్నాయి కదా మామయ్యా. ఏ బోల్టు ఎక్కడో అందులో ఉంటుంది" అనెను.

కట్టించుకొను పద్ధతియు అక్కడ చావలేదు. కెనడా దేశము క్విబెక్ సీమలోని ప్రెవో కంపెనీ లోపల ఏమియు లేని బస్సు డొల్లలు అమ్మును. వానిని కొని, కొనువారి కోరిక ప్రకారము లోపల ఇల్లు కట్టియిచ్చు సంస్థలు వేరుగా కలవు. చలువరాతి నేల, మీట నొక్కినచో గది గోడయే వెలుపలికి జరుగు ఏర్పాటు మొదలగు వైభవములతో అట్టి క్రొత్త బండి వెల ఇరువది లక్షల డాలర్లు దాటును. మా అద్దె బండివంటిది క్రొత్తది లక్ష డాలర్ల పైచిలుకునకు వచ్చును. మాకు నచ్చినది వేరొక సంగతి. ఆ కంపెనీ స్థాపించిన యూజీన్ ప్రెవో గుడి బల్లలు, బడి బల్లలు చేయు వడ్రంగి. 1924లో ఒక చాసిస్‌పై కొయ్యతో బస్సు బాడీ కట్టెను. అది విని మాకు మా పెద్దాసారి కనుల ముందు నిలిచిరి.

ఆ విరిగిన గొళ్ళెమును మనుమడు ఆడుకొనుటకు మా చేతినుండి తీసికొనబోగా మేము ఈయలేదు. మా మనస్సు 2009కి పోయియుండెను. ఆ కథ ఇంతవరకు మా ఇంట తప్ప ఎక్కడను చెప్పలేదు.

2004లో కట్టిన ఆ మోటారు ఇంటికి, ఐదేండ్ల తరువాత యజమాని వేరొక ఊరిలో క్రొత్త టెలివిజను గోడకు బిగింపించెను. గోడకు రంధ్రము చేసినవానికి లోపల ఏమున్నదో తెలియదు. కొన్ని దినములు ఏమియు కాలేదు. ఒక రాత్రి బంధువుల ఇంటివద్ద బండి నిలిపి, ఇంటి కరెంటు తగిలించుకొని పడుకొనియుండగా ఆ గోడలోనుండి పొగ వచ్చి ప్రక్కనున్న పరుపు అంటుకొనెను. ఆ మంచము, పెద్దాసారి మోకాలెత్తు కొలిచి చేసిన మంచమే. ముసలమ్మ దుప్పటి లాగివేయబోయి కుడి అరచేయి కాల్చుకొనెను. ఇతరులు లేచి ఆర్పిరి. ప్రాణమునకు భయము లేకపోయెను. మరల ఆమె ఆ బండి ఎక్కలేదు.

యజమాని మా షెడ్డునకు వచ్చి, గోడలలో వైర్లు పోవు దారిని చూపు ప్లాను ఇమ్మని అడిగెను. నిందింపలేదు, తిరిగి సరిచేయించుటకే అడిగెను. పెద్దాసారి 2007లోనే పోయిరి. వైరు లాగిన కుర్రవాడు ఎప్పుడో తిరుప్పూరు వెళ్ళిపోయెను. షెడ్డు యజమాని మావైపు చూచెను. మేము 2004వ సంవత్సరపు పెద్దపద్దు తీసితిమి. అందులో మా చేతివ్రాతలో ఒక పంక్తి: మోటారు ఇల్లు బాడీ ఒకటి, యజమాని చెప్పిన ప్రకారము. క్రింద డబ్బు. అంతకుమించి ఏమియు లేదు. గోడ విప్పి చూచుకొండని చెప్పి పంపితిమి.

నాలుగవనాడు పెద్దాసారి మనుమడు, పదునెనిమిదేండ్లవాడు, పసుపుగుడ్డ సంచి ఒకటి తెచ్చి మా బల్లపై పెట్టెను. "తాత పుస్తకాలండయ్యా. ఏం రాసినాడో మాకు తెలీదు, నాయనకూ తెలీదు. మీరైతే చదువుతారని అమ్మ పంపించింది" అనెను. వాడు మాతో మాటలాడినది తేటతెలుగు. ఆ యింట ఒక్కరికిని ఆ అక్షరములు రావు.

సంచిలో పదునాలుగు నోటుపుస్తకములు. 2004వ సంవత్సరపుది వెదకి తీసితిమి. ఎడమపక్క, మూడో పిల్లరు, నేలనించి ముప్పైయొక్క అంగుళం నాలుగు నూళ్ళు, కరెంటు అడ్డంగా పోతాది, మేకు కొట్టరాదు, అని పెన్సిలుతో వ్రాసియుండెను. రంధ్రము చేసినది అక్కడనే.

ఆ పంక్తి చదువుచుండగా మాకొక సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఆ బండి షెడ్డు విడుచుటకు ముందు ఒక మధ్యాహ్నము పెద్దాసారి మా బల్లవద్దకు వచ్చి, "అయ్యా, ఈ బండి లోపలి లెక్క కొంచెం ఉంది. మీ పెద్దపద్దులో ఎక్కించుకుంటారా?" అని అడిగిరి. అది నెలాఖరు. బిల్లులు, ఫారములు ముందు కుప్పగా ఉన్నవి. "తరువాత చూద్దాం" అంటిమి. ఆయన తలయూపి పోయిరి. మరల అడుగలేదు, మేమును పిలువలేదు. ఇరువదిమూడేండ్లు ఒకే కప్పు క్రింద కూర్చున్నవారము. ఆ షెడ్డులో ఆయన వ్రాత చదువగలవారము మేము ఒక్కరమే.

ఆ బండికి సంబంధించిన పుటలన్నియు తమిళములోనికి మార్చి, బొమ్మ గీసి, యజమానికి పంపితిమి. ముసలమ్మ చేతిని చూడబోవు ధైర్యము మాత్రము లేకపోయెను. అప్పటినుండి పని మానువరకు ప్రతి బాడీకి ఒక బొమ్మ గీయించి పద్దులో అంటించుచుంటిమి. షెడ్డు యజమాని దానికొక పైసా హెచ్చుగా ఈయలేదు, వలదనియు అనలేదు.

2004లో వలె నేడు ఎవరి ఇష్టము వారు కట్టుటకు వీలులేదు. బస్సు బాడీలకు ఏఐఎస్-052, మోటారు క్యారవానులకు ఏఐఎస్-124 అను ప్రమాణములు వచ్చినవి. వానిని పాటించుట మన షెడ్డులకు కష్టమని మా వృత్తివారు కొందరు విసుగుకొనుట ఎరుగుదుము. కాని 2013 అక్టోబరులో బెంగుళూరునుండి హైదరాబాదు పోవు బస్సు పాలెం వద్ద కాలిపోయి 45 మంది మరణించిరి. 2025 అక్టోబరులో హైదరాబాదునుండి బెంగుళూరు పోవు నిద్రబస్సు కర్నూలు వద్ద కాలిపోయెను. మన ఇండ్లనుండి ఆ దారిని పోవు పిల్లలు ఎందరు! పాలెం వద్ద కాలినది పేరుమోసిన కంపెనీ బస్సే. కనుక కంపెనీ ముద్ర చూచి గుండెమీద చేయి వేసికొని పడుకొనుటకు లేదు. పడుకొన్నవాడు చీకటిలో, పొగలో, ఏ వైపు ప్రాకి, దేనిని తన్ని, వెలుపల పడవలెనో ముందే తెలిసియుండవలెను. ఈ ప్రశ్న నల్లరాయి కంటె, టేకు కంటె ముందు అడుగవలసినది.

వారము ముగియగానే తమ్ముని కుమారుని పిలిచి ఈ కథయంతయు చెప్పితిమి. కట్టించుమనలేదు, కొనుమనలేదు. కట్టువారివద్దకు పో, ఇంతకు ముందు కట్టిన బండి బొమ్మలు చూపుమని అడుగు, వైర్లు, గ్యాసు, నీరు పోవు దారుల బొమ్మ మాకొక ప్రతి ఇత్తురా అని అడుగు, ఖాళీ బండి ఎంత తూగును, నిండిన తొట్టితో ఎంత తూగును అని అడుగు, ఆమోదపత్రము చూడు, అంటిమి. వాడు రెండు చోట్లకు పోయెను. మొదటిచోట, "మా మీద నమ్మకం లేదా?" అనిరట. రెండవచోట యజమానురాలు, చిన్నవయసామె, అలమర తెరచి కాగితపు చుట్టలు బల్లపై పరచెనట. ఈలోగా కంపెనీ బండియు ఒకటి చూచి వచ్చెను. కాగితములన్నియు సరిగా ఉన్నవి, కాని మంచము తల్లికి ఆరు అంగుళములు ఎత్తు. తగ్గించుటకు వీలులేదు, దాని క్రిందనే బ్యాటరీలు.

రెండవచోటనే కట్టించుటకు నిశ్చయించెను. ఆ షెడ్డులో లోపలి కొయ్యపనికి పెద్ద ఎవరని విచారింపగా, పసుపుసంచి తెచ్చిన ఆ మనుమడే. ఇప్పుడు ముప్పదియైదేండ్లవాడు. మొన్న మా మరదలిని కుర్చీలో కూర్చుండబెట్టి మోకాలెత్తు కొలిచిపోయెను. తాతవలెనే. కొలతను ఫోనులో వ్రాసికొనెను, ఇంగ్లీషులో.

పోవునప్పుడు గుమ్మమువద్ద ఆగి, "అయ్యా, తాత పుస్తకాలు ఇంకా ఉన్నాయి. కొక్కీ ఎక్కడ పెట్టాల, బీరువా తలుపు ఎటు తెరవాల, అన్నీ అందులో రాసినాడని అమ్మ అంటాది. నాకు చదవను నేర్పిస్తారా?" అని అడిగెను. ఈసారి తరువాత చూతమనలేదు. ఆదివారములు ఉదయము ఏడుగంటలకు వచ్చుచున్నాడు. మా నాయనగారు మాకు దిద్దించిన పెద్దబాలశిక్షయే ఎదుట ఉన్నది. మొదటి ఎనిమిది పుటలు చెదలు తినినవి, అవి మేమే వ్రాసి అతికించితిమి. గుణింతములు ముగిసినవి. వత్తుల వద్ద ఉన్నాము. తాత మొదటి పుటలోని మొదటి మాట ‘పిల్లరు’. దానికి ల-వత్తు కావలెను.